రాజముత్యాన్ని కన్న తల్లి

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా అనే పేట ఉంది. పూర్వం హైదరాబాదు చుట్టూ రాతి కోటగోడ ఉండేది. ఆ గోడకు 13 దర్వాజాలు. వాటిలో నేటికి నిలిచినవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మా దబీర్‌పురా దర్వాజా. 'దబీర్' అంటే పారశీక భాషలో లేఖకుడు, మన రాయసగాడు అన్నమాట.

ఆ దర్వాజా దాటి పురానీ హవేలీ వైపు నడిస్తే ఒక పిల్లల ఆసుపత్రి వస్తుంది. దాని పేరు దుర్రు షెహ్వార్ ఆసుపత్రి. జ్వరం తగిలిన బిడ్డలను చంకన వేసుకుని తల్లులు అక్కడికి వెళుతూ ఉంటారు. ఆ పేరు నోరు తిరగక ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా అంటారు. నిజానికి అది చాలా అందమైన పేరు. 'రాజు ధరించదగిన ముత్యం' అని దాని అర్థం. హైదరాబాదు ముత్యాల వర్తకానికి పేరు పడ్డ ఊరే కదా. కాని ఈ ముత్యం బస్రా నుంచి వచ్చింది కాదు, టర్కీ నుంచి వచ్చింది.

దుర్రు షెహ్వార్ ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకోడలు. ఆమె తండ్రి ఎవరో పాతబస్తీలో చాలామంది చెప్పగలరు. ఆయన ఇస్లాం ప్రపంచానికి చివరి ఖలీఫా, పేరు అబ్దుల్ మజీద్. మరి తల్లి ఎవరు? ఈ ప్రశ్న వేస్తే మాత్రం పెద్దలు కూడా తల గోక్కుంటారు. రాజుల కథలలో ఇది మామూలే. తండ్రి పేరు బంగారు అక్షరాలతో రాస్తారు, తల్లి పేరు ఎక్కడో మూల ఉంటుంది. అందుకే ఇవాళ ఆ తల్లి సంగతి చెబుతాను. ఆమె పేరు మెహిస్తి. ఆమె సర్కేషియా జాతి స్త్రీ.

సర్కేషియా ఎక్కడుంది? అట్లాసు తీయండి. నల్ల సముద్రం కనబడింది కదా? దాని ఈశాన్యపు ఒడ్డున కాకసస్ పర్వతాలు సముద్రం దాకా దిగివచ్చే చోటు చూడండి. అక్కడ సోచి అనే ఊరుంటుంది. 2014లో శీతాకాలపు ఒలింపిక్సు ఆటలు జరిగింది ఆ ఊళ్ళోనే, దాని పైనున్న కొండలమీదనే. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు సర్కేషియన్లది. వాళ్ళను టర్కీలో 'చెర్కెస్' అంటారు. వాళ్ళు గుర్రపు స్వారీలో దిట్టలు. అతిథి వస్తే ప్రాణం పెట్టేవాళ్ళు. రాజు, రాజధాని అంటూ లేకుండా తెగలు తెగలుగా కొండలలో బతికారు.

వాళ్ళ భాషలు విన్నవారు నోరు తెరిచేవారట. సర్కేషియన్ల పొరుగునే, వాళ్ళలో ఒకరుగా కలిసి ఉన్న ఉబిఖ్ అనే తెగ వారి భాషలో 84 హల్లులు ఉండేవి. మన తెలుగు పెద్ద బాలశిక్షలో హల్లులు నలభై లోపే కదా! వాటిని పలకడానికే ఒకటో తరగతి పిల్లలు తంటాలు పడతారు. పోతే, ఆ భాషలో అచ్చులు రెండే! దాన్ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి తెవ్‌ఫిక్ ఎసెంచ్ అనే ఆయన. ఆయన 1992 అక్టోబరు 7న టర్కీలో చనిపోయాడు. ఆయనతోబాటు ఆ భాష కూడా పోయింది. కొండలలో పుట్టిన భాష టర్కీలో ఎందుకు చచ్చిపోయింది అంటారా? అదే చెప్పబోతున్నాను.

రష్యా జారు చక్రవర్తులకు నల్ల సముద్రపు ఒడ్డు కావలసి వచ్చింది. వాళ్ళు కాకసస్ మీద దశాబ్దాల తరబడి యుద్ధం చేశారు. 1864 మే 21న ఆ యుద్ధం ముగిసిందని రష్యా సైన్యం కొండలలో విజయోత్సవం జరిపింది. ఓడిన సర్కేషియన్లను గుంపులు గుంపులుగా సముద్రపు ఒడ్డుకు తోలారు. ఊళ్ళు కాల్చారు. లక్షలమంది పాత పడవలలో కిక్కిరిసి ఎక్కి, సముద్రం దాటి టర్కీ సుల్తాను రాజ్యానికి చేరారు. అప్పటి టర్కీని ఉస్మానియా సామ్రాజ్యం అనేవారు. దారిలో మశూచికం, టైఫస్ జ్వరం వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నాయి. కొన్ని పడవలు మునిగిపోయాయి. ఈ నాటికీ సర్కేషియన్లు ఎక్కడ ఉన్నా మే 21ని సంతాప దినంగా పాటిస్తారు.

అంత దూరం వచ్చినవాళ్ళ చేతిలో ఏముంటుంది? తిండి లేదు, భూమి లేదు. అటువంటి సమయంలో ఆడపిల్లలను కొనే దళారులు రేవులలో తిరిగారు. సర్కేషియా ఆడపిల్లలను ఇస్తాంబుల్‌లోని గొప్పవారి ఇళ్ళకు అమ్మడం అంతకుముందు శతాబ్దాలనుంచీ ఉన్నదే. సర్కేషియన్లలోనే బానిస కుటుంబాలు ఉండేవి. ఆ పిల్లలను యజమానులే అమ్మేసేవారు. 'మా అమ్మాయి సుల్తాను అంతఃపురంలో చేరితే రాణి కావచ్చును' అనే ఆశతో పంపిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఇస్తాంబుల్‌లో బానిసల సంతను 1840ల చివరలో మూసేశారు. కాని సంత మూస్తే బేరం ఆగుతుందా? అది బజారులోనుంచి ఇళ్ళలోకి పోయింది, అంతే.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. సుల్తాను అంతటివాడు రాజుల కుమార్తెలను పెండ్లాడక, బానిస పిల్లలను ఎందుకు చేసుకోవాలి? కారణం ఉంది. రాజు కూతురును చేసుకుంటే మామగారు వస్తాడు, బావమరుదులు వస్తారు, రాజ్యంలో వాటా అడుగుతారు. మన రాజుల చరిత్రలో బావమరుదులు తెచ్చిన తగవులు మీరు చదివే ఉంటారు. ఎవరూ లేని పిల్ల అయితే ఆ పేచీ ఉండదు. అందుకని కొన్ని వందల ఏళ్ళపాటు ఉస్మానియా సుల్తానులు బానిసలుగా వచ్చిన పరజాతి స్త్రీలనే తమ బిడ్డలకు తల్లులుగా చేసుకున్నారు. అయితే వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం అటువంటి స్త్రీ కన్న బిడ్డ బానిస కాడు, రాకుమారుడే. బిడ్డను కన్న తరువాత ఆ తల్లిని ఎవరూ అమ్మడానికి వీల్లేదు. సుల్తాను అబ్దుల్ హమీద్ తల్లి తిరిముజ్గాన్ ఒక సర్కేషియా స్త్రీ. ఆమె క్షయరోగంతో చనిపోతే ఆ పసివాణ్ణి పెంచిన సవతి తల్లి పెరెస్తూ కూడా కాకసస్ మనిషే. కుర్రవాడు 1876లో సింహాసనం ఎక్కగానే ఈ పెంపుడు తల్లిని రాజమాతగా కూర్చోబెట్టాడు. సుల్తానుల చరిత్రలో చివరి రాజమాత ఆమె.

ఇక అంతఃపురం లోపలికి పోదాం. కథలలో అంతఃపురం అంటే పట్టు పరుపులు, అత్తరు, నవ్వులు, ఆటలు. బొమ్మలు వేసే యూరపు చిత్రకారులు కూడా అలాగే వేశారు. వాళ్ళలో చాలామంది అంతఃపురపు గడప తొక్కినవారు కాదు. ఒక ఆడమనిషి మాత్రం లోపల పెరిగి, ఉన్నదున్నట్టు రాసింది. ఆమె పేరు లేలా సాజ్. సుల్తాను వైద్యుడి కూతురు. చిన్నతనంలో రాజభవనంలో రాకుమార్తెలతో ఆడుకుంది. పెద్దయి పాటలు కట్టింది, జ్ఞాపకాలు రాసింది. ఆమె రాతలు చదివితే అంతఃపురం బంగారు పంజరం మాత్రమే కాదని, అదొక పెద్ద హాస్టలు బడిలాంటిదని తెలుస్తుంది.

కొత్తగా వచ్చిన పిల్లకు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. ముందు చేసే పని ఏమిటో తెలుసా? ఆమె పేరు తీసివేయడం! అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆ రోజుతో సరి. పారశీకంలోనుంచి ఒక అందమైన పేరు వెదికి పెడతారు. మొగ్గ అనో, చంద్రకాంతి అనో, చిరునవ్వు అనో అర్థం వచ్చేటట్టు ఉంటుంది. పేరు ఎంత అందమైనదైతేనేం! నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో హాజరు పట్టీ పిలిచినవాణ్ణి. ఒక పిల్లవాడి పేరు పొరపాటున మార్చి పిలిస్తే వాడి ముఖం ఎలా చిన్నబోతుందో నాకు తెలుసు. ఈ పిల్లలను జన్మంతా మారుపేరుతోనే పిలిచారు.

తరువాత ఆ పిల్లను ఒక పెద్ద పరిచారిక చేతిలో పెడతారు. అటువంటి పెద్దవాళ్ళను 'కల్ఫా' అంటారు. కల్ఫా ఆమెకు టర్కీ భాష నేర్పుతుంది. చప్పుడు కాకుండా నడవడం, వంగి సలాము చేయడం, కాఫీ ఒలకకుండా అందించడం, నమాజు చదవడం, కుట్టుపని, అల్లికపని నేర్పుతుంది. గొంతు బాగుంటే పాట, చెయ్యి తిరిగితే వాద్యం. ఆడపిల్లలే వాయించే బ్యాండు మేళం ఒకటి అంతఃపురంలో ఉండేదంటే నమ్ముతారా? పాశ్చాత్య సంగీతం, టర్కీ సంగీతం రెండూ వాయించేవారట. తొమ్మిదేళ్ళు కొలువు చేసిన తరువాత, కోరుకుంటే విడుదల పొంది, బయట పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళిన వాళ్ళే ఎక్కువ. సుల్తాను భార్యలు అయినవాళ్ళు చాలా కొద్దిమంది.

ఇంతకు గుమ్మాల దగ్గర కాపలా కాసింది ఎవరు? ఆఫ్రికా నుంచి చిన్నతనంలోనే బానిసలుగా పట్టి తెచ్చిన నల్లవాళ్ళు. వాళ్ళ కథ ఈ పిల్లల కథ కన్న జాలి గొలుపుతుంది. అది ఇంకొక నెల చెప్పుకుందాం.

ఎన్నికైన భార్యకు మాత్రం సొంత గదులు, సొంత పరిచారికలు, నెల జీతం ఉండేవి. కాని గుమ్మం దాటాలంటే అనుమతి కావాలి. ఇంకొక వింత కూడా ఉంది. ఆమె కన్న కూతురు పేరు చివర 'సుల్తాన్' అని వస్తుంది. ఎందుకంటే కూతురిలో రాజరక్తం ఉంది. తల్లి పేరు చివర ఆ బిరుదు రాదు. 'కాదిన్' అనో 'హానిం' అనో మాత్రమే వస్తుంది. అవి దొరసాని అనే అర్థం ఇచ్చే మాటలు. దర్బారు వరుసలో కూతురు ముందు, కన్నతల్లి తరువాత! పొత్తిళ్ళలో ఉన్న పసికందు తన తల్లి కన్న పెద్దపదవిలో ఉందంటే వినడానికి నవ్వు వస్తుంది. ఆ తల్లికి నవ్వు వచ్చిందో లేదో మరి.

1909లో జరిగిన ఒక సంగతి మీకు తప్పక చెప్పాలి. ఆ ఏడు ఏప్రిల్ 27న సుల్తాను అబ్దుల్ హమీద్‌ను పదవినుంచి దింపేశారు. ఆయన యిల్దిజ్ భవనంలో వందలాది స్త్రీలు మిగిలిపోయారు. వాళ్ళనందరినీ ఊరి నడుమ ఉన్న పాత తోప్‌కాపి కోటకు తరలించారు. ఇంతమందిని పోషించడం కొత్త ప్రభుత్వానికి భారమయింది. అందులో ఎక్కువమంది సర్కేషియా పిల్లలు. వెంటనే సర్కేషియన్ల పల్లెలకు కబురు పోయింది: 'అంతఃపురంలో మీ ఆడపిల్లలు ఉంటే వచ్చి తీసుకుపోండి.'

కొండ పల్లెలనుంచి ముసలి తండ్రులు, అన్నలు తమ జాతి దుస్తులలో దిగారు. వాళ్ళను కోటలో ఒక పెద్ద హాలుకు తీసుకుపోయారు. లోపల వందలాది స్త్రీలు మేలిముసుగులు తీసేసి నిలబడి ఉన్నారు. వాళ్ళు పట్టుబట్టలు కట్టుకున్నారు, సున్నితంగా మాట్లాడతారు. వచ్చినవాళ్ళు ఎండకు కమిలిన పల్లెటూరివాళ్ళు. ఏడేళ్ళప్పుడు విడిచిన పిల్ల పాతికేళ్ళ మనిషి అయితే ఎలా గుర్తుపట్టడం? పేరు చెప్పి పిలుద్దామంటే పేరే మారిపోయె! ఒక్కొక్క ముఖం చూసుకుంటూ నడిచారు. కొందరు గుర్తుపట్టి వాటేసుకుని ఏడ్చారు. కొందరికి 'మీ అమ్మాయి ఎప్పుడో చనిపోయింది' అన్న మాట దొరికింది. కొందరు పిల్లలు బరువైన పట్టుబట్టలు విడిచి, ఆ పల్లెటూరివాళ్ళ వెంట సంతోషంగా నడిచిపోయారు. ఆ హాలులో సాయంకాలం దాకా నిలబడ్డా, తమకోసం ఎవరూ రానివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు తలలు వంచుకుని మళ్ళీ ఆ గదులలోకే వెళ్ళిపోయారు. ఆ దృశ్యాన్ని అప్పుడు ఇస్తాంబుల్‌లో ఉన్న ఒక పత్రికా విలేఖరి రాసి పెట్టాడు.

మెహిస్తి కథ ఈ కాలానిదే. ఆమె ఇస్తాంబుల్‌కు తూర్పున ఉన్న అదాపజారి ప్రాంతంలో 1890 దరిదాపుల్లో పుట్టింది. వలస వచ్చిన సర్కేషియన్లు చాలామంది ఊళ్ళు కట్టుకున్న ప్రాంతం అది. ఆమె కూడా రాజభవనంలోనే పెరిగింది. మెహిస్తి అనేది అక్కడ పెట్టిన పేరే. 1912లో అబ్దుల్ మజీద్ ఆమెను చేసుకున్నాడు. ఆయనకు నలుగురు భార్యలు. మెహిస్తి మూడవది.

అబ్దుల్ మజీద్ అప్పటికి సుల్తానూ కాదు, ఖలీఫా కూడా కాదు. వరుసలో నిలబడ్డ రాకుమారుడు, అంతే. ఆయన తండ్రి అబ్దుల్ అజీజ్ సుల్తానుగా ఉండి 1876లో పదవి పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి 1908 దాకా కొడుకు కూడా ఒక భవనంలో కనుసన్నల కాపలాలోనే పెరిగాడు. రాకుమారుణ్ణి బయటికి పోనిస్తే కుట్ర చేస్తాడని భయం! అంటే పంజరంలో పెరిగింది ఆడవాళ్ళొక్కరే కాదన్నమాట. ఆ తీరిక కాలమంతా ఆయన చదువులో, సంగీతంలో, చిత్రలేఖనంలో గడిపాడు. మంచి చిత్రకారుడు అయ్యాడు.

ఆయన వేసిన పటం ఒకటి ఇస్తాంబుల్ చిత్రశాలలో ఉంది. 'అంతఃపురంలో బీథోవెన్' అని దాన్ని పిలుస్తారు. బీథోవెన్ జర్మనీ దేశపు గొప్ప సంగీతకర్త. పటంలో ఒక గది, గదిలో ఆయన శిల్పం. వయొలిన్ వాయిస్తూ ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. ఆమె అబ్దుల్ మజీద్ పెద్ద భార్య షెహ్‌సువార్, ఆమె కూడా కాకసస్ జాతి మనిషే. ఇంకొకరు పియానో దగ్గర ఉన్నారు. చిత్రకారుడు తనను కూడా సైనిక దుస్తుల్లో కూర్చుని వింటున్నట్టు వేసుకున్నాడు. షెహ్‌సువార్ సోఫామీద ఒరిగి పుస్తకం చదువుకుంటున్న పటం ఇంకొకటి ఉంది. అది జర్మన్ కవి గొయ్‌థె పుస్తకం. ఈ రెండు పటాలనూ 1918లో వియన్నా నగరంలో ప్రదర్శించారు. యూరపువారు వేసిన సోమరి అంతఃపురపు బొమ్మలకు ఇది ఆయన ఇచ్చిన జవాబని నాకు తోస్తుంది. కొందరు ఇదంతా ఆయన గొప్పకు వేసుకున్నాడంటారు. వేసుకోనీండి. ఆమె చేతిలో వయొలిన్ ఉన్న మాట నిజమే కదా!

మెహిస్తికి 1914 జనవరి 26న ఇస్తాంబుల్‌లో, ఆసియా ఒడ్డున ఉన్న చామ్లిజా భవనంలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమే దుర్రు షెహ్వార్. ఆ ఇంట్లో ఆడపిల్ల చదువుకు లోటు జరగలేదు. ఆ రోజులలోనే, అంటే 1915లో, ఉపాధ్యాయ శిక్షణ పొందిన సఫియే అనే ఒక పంతులమ్మ సుల్తాను భవనంలో బడి చెప్పడానికి చేరింది. చిన్న రాకుమారులకే కాక, అంతఃపురపు స్త్రీలకు కూడా ఆమె పాఠాలు చెప్పింది. తరువాత ఆ సంగతులన్నీ పుస్తకంగా రాసింది. మా వృత్తివాళ్ళు ఎక్కడున్నా ఊరుకోరు!

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ ఓడిపోయింది. ముస్తఫా కెమాల్ పాషా నాయకత్వాన కొత్త టర్కీ లేచింది. 1922 నవంబరు 1న సుల్తాను పదవిని రద్దు చేశారు. ఖలీఫా పదవిని మాత్రం కొన్నాళ్ళు ఉంచి, దానికి అబ్దుల్ మజీద్‌ను ఎన్నుకున్నారు. కుటుంబం దొల్మాబాచె భవనానికి మారింది. సముద్రపు ఒడ్డున పాలరాతి భవనం. 285 గదులు. దర్బారు హాలులో వేలాడే దీపగుచ్ఛమే నాలుగున్నర టన్నుల బరువు! అదాపజారి పిల్ల అక్కడికి చేరింది. కాని ఆ వైభవం ఏడాదిన్నర కూడా నిలవలేదు.

1924 మార్చి 3న అంకారా శాసనసభ ఖలీఫా పదవిని కూడా రద్దు చేసింది. ఉస్మానియా వంశంవారంతా దేశం విడిచిపోవాలని శాసనం చేసింది. ఆ రాత్రే గవర్నరు, పోలీసు అధికారి భవనానికి వచ్చి ఆ మాట చెప్పారు. తెల్లవారేలోగా మోటారు కార్లలో ఖలీఫా కుటుంబాన్ని ఎక్కించారు. ఇస్తాంబుల్ పెద్ద స్టేషనులో జనం పోగవుతారేమోనని, ఊరికి దూరంగా చతాల్జా అనే చిన్న స్టేషనుకు తీసుకుపోయారు. పదేళ్ళ దుర్రు షెహ్వార్ ఆ చలిలో రైలు కోసం ఎదురు చూసింది. ఆ స్టేషను మాస్టరు యూదుడట. వాళ్ళను తన ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడట. కృతజ్ఞతలు చెబితే, 'మా పూర్వులను స్పెయిన్‌లో తరిమేసినప్పుడు మీ పూర్వులు చోటు ఇచ్చారు. కృతజ్ఞత చెప్పవలసింది మేము' అన్నట్టు చెబుతారు. స్పెయిన్ యూదులను తరిమింది 1492లో. నాలుగు వందల ఏళ్ళ బాకీ ఒక టీ గ్లాసుతో తీరిందన్నమాట.

రైలు స్విట్జర్లాండు సరిహద్దు చేరింది. అక్కడ కొంతసేపు ఆపేశారు. ఒకరి కంటె ఎక్కువమంది భార్యలు ఉన్నవారిని తమ చట్టం రానీయదని వాళ్ళ అభ్యంతరం. చివరకు వదిలారు. తరువాత కుటుంబం ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున ఉన్న నీస్ పట్టణం చేరి స్థిరపడింది. మెహిస్తి కూడా అక్కడే ఉంది. ఆమె జాతి 1864లో ఒక దేశం పోగొట్టుకుంది. ఆమె 1924లో ఇంకొక దేశం పోగొట్టుకుంది.

చేతిలో డబ్బు లేదు. ఆ సమయంలో మన హైదరాబాదు నిజాము నెలకు 300 పౌన్లు పంపడానికి ఒప్పుకున్నాడు. మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిగా నిలిచాడు. ఆయనే తరువాత పెళ్ళి మాట కూడా నడిపాడు. 1931 నవంబరు 12న నీస్‌లో నిజాము పెద్ద కొడుకు ఆజం జాకు దుర్రు షెహ్వార్‌ను ఇచ్చి పెళ్ళి చేశారు. అదే రోజున రెండవ కొడుకు మొఅజ్జం జాకు నిలోఫర్ అనే ఉస్మానియా వంశపు బాలికను ఇచ్చారు. హైదరాబాదులో నిలోఫర్ ఆసుపత్రి ఈమె పేరుమీదనే ఉంది.

పెళ్ళినాటికి దుర్రు షెహ్వార్‌కు పద్దెనిమిది నిండలేదు. ఒక్కగానొక్క కూతురు. తల్లి తన చిన్నతనంలో ఇల్లు విడిచి రాజభవనానికి పోయింది. ఇప్పుడు కూతురు సముద్రాలు దాటి ఇంకొక రాజభవనానికి పోతున్నది. కాని రెండు ప్రయాణాలకు తేడా ఉంది. కూతురు పేరు ఎవరూ తీసేయలేదు. నిజాము ఆమెకు బిరుదు ఇచ్చాడు గాని, దుర్రు షెహ్వార్‌గానే ఆమె హైదరాబాదు వచ్చింది. 1931 డిసెంబరులో 'పిల్స్నా' అనే స్టీమరులో వాళ్ళు ప్రయాణం చేశారు. లండనులో రౌండు టేబులు సమావేశం ముగించుకుని గాంధీ మహాత్ముడు ఇంటికి తిరిగి వస్తున్నది కూడా ఆ స్టీమరులోనే! ఈ రాకుమార్తెలు ఆయనను కలుసుకున్నారని చెబుతారు. చీర కట్టుకోవడం, నిజాము ముందు మెలగడం వాళ్ళు స్టీమరు మీదనే నేర్చుకున్నారట. డిసెంబరు 28న స్టీమరు బొంబాయి చేరింది.

హైదరాబాదులో ఆమె పరదా పాటించలేదు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. నిజాము ఇంటి ఆడవాళ్ళు తెరల మాటున ఉండేవారు. ఈమె సభలకు వచ్చింది, ప్రారంభోత్సవాలు చేసింది. ఫ్రెంచి, ఇంగ్లీషు, టర్కీ, ఉర్దూ మాట్లాడేది. పురానీ హవేలీలోని పిల్లల ఆసుపత్రి, యాకుత్‌పురా దగ్గర బాగె జహానారాలో ఆడపిల్లల కళాశాల ఆమె చలవే. గుమ్మం దాటడానికి అనుమతి అడగవలసిన తల్లికి పుట్టిన బిడ్డ, గోషా వీధులలోని ఆడపిల్లలకు కళాశాల పెట్టింది. ఆ చదువు, ఆ ధైర్యం తండ్రినుంచి వచ్చాయని అందరూ రాస్తారు. ఖలీఫా గొప్ప విద్వాంసుడే, కాదనను. కాని పదేళ్ళ వయసులో సర్వమూ పోయిన పిల్లను, పరదేశపు అద్దె ఇంట్లో, తల వంచుకోకుండా పెంచింది ఎవరు? ఇంట్లో ఉన్న తల్లి కాదూ!

అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టు 23న పారిస్‌లో కన్నుమూశాడు. ఆ వారమే పారిస్ నగరం జర్మనుల చేతినుంచి విడుదల అవుతున్నది. వీధులలో తుపాకుల మోత. ఆయనను టర్కీలో పాతిపెట్టడానికి దుర్రు షెహ్వార్ చాలా ప్రయత్నం చేసింది. టర్కీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. శవపేటికను పారిస్ మసీదులో దాదాపు పదేళ్ళు ఉంచారు. చివరకు 1954లో మదీనాలో పాతిపెట్టారు. ఈలోగా 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. 1952లో టర్కీ ఉస్మానియా వంశపు ఆడవాళ్ళు తిరిగి రావచ్చునని చట్టం చేసింది.

మెహిస్తి 1964లో ఇంగ్లండులో చనిపోయింది. సర్కేషియన్లు తమ కొండలు విడిచి సరిగ్గా నూరేళ్ళయింది. దుర్రు షెహ్వార్ 2006 ఫిబ్రవరిలో లండనులో కన్నుమూసింది. తండ్రికి ఆరడుగుల నేల ఇవ్వని దేశంలో తనకూ వద్దన్నదట. లండనుకు దగ్గరలో బ్రుక్‌వుడ్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది.

ఆమె పెద్ద కొడుకు ముకర్రం జా 1933లో నీస్‌లో పుట్టాడు. తాత తరువాత నిజాము బిరుదు ఆయనకే వచ్చింది. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. మృతదేహాన్ని విమానంలో హైదరాబాదుకు తెచ్చారు. చార్మినారు పక్కన, మక్కా మసీదు ఆవరణలో అసఫ్ జాహీల సమాధుల నడుమ పాతిపెట్టారు. అదాపజారి నుంచి వచ్చిన సర్కేషియా పిల్లకు ఆయన మనుమడు.